క్యోటెన్: ఏలిక దయ మీద నడిచిన ఊరు

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది మాట్లాడినట్టుగానే కింద ఇస్తున్నాం. వినే తీరిక లేనివాళ్లు చదువుకోవచ్చు.

 

జర్మనీలో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే మాటలు ఎటు పోతాయో మనందరికీ తెలుసు. వీసా, అద్దె ఇల్లు, బి-1 పరీక్ష, పిల్లల స్కూలు, రైళ్ల ఆలస్యం. ఇవాళ వాటిని కాసేపు పక్కన పెట్టి ఒక చిన్న ఊరి కథ చెప్పుకుందాం. అయితే ముందే చెబుతున్నా, కథ మధ్యలో ఆ వీసా సంగతి మళ్లీ వస్తుంది. ఎందుకు వస్తుందో మీకే అర్థమవుతుంది.

ఊరి పేరు క్యోటెన్. సాక్సనీ-ఆన్హాల్ట్ రాష్ట్రంలో మాగ్డెబుర్గ్‌కీ హాలెకీ మధ్య రైలు దారిలో ఉంటుంది. జనాభా సుమారు పాతిక వేలు. మనలో కొంతమందికి ఈ పేరు చరిత్ర పుస్తకంలోంచి కాదు, అడ్మిషన్ లెటర్‌లోంచి తెలుసు. ఆన్హాల్ట్ యూనివర్సిటీ క్యాంపస్ ఒకటి అక్కడుంది. మాస్టర్స్ కోసం మన దేశం నుంచి వచ్చే పిల్లలు ఏటా అక్కడ దిగుతుంటారు. దిగిన మొదటి రోజున చాలామందికి కలిగే ఆలోచన ఒకటే: ఇంత చిన్న ఊరా!

చిన్న ఊరే. కానీ రెండు వందల ఏళ్లకు పైగా ఈ ఊరు ఒక దేశానికి రాజధాని. ఆ దేశం ఎంతంటే, గుర్రం మీద ఒక్కరోజులో దాటేయొచ్చు. ఆ బుల్లి దేశాన్ని ఏలినవాళ్లు బయటినుంచి ముగ్గురిని పిలిచి చోటిచ్చారు. ఒకాయన బడి పంతులు, ఒకాయన సంగీత విద్వాంసుడు, ఒకాయన వైద్యుడు. ఆ ముగ్గురికీ ఏం జరిగిందన్నదే ఇవాళ్టి కథ.

ముందు ఆ దేశం సంగతి

పాత జర్మనీని ఇప్పటి జర్మనీలా ఊహించుకోకూడదండీ. పవిత్ర రోమన్ సామ్రాజ్యం అనే పేరు కింద మూడు వందల దాకా సంస్థానాలు ఉండేవి. కొన్ని పెద్దవి, ప్రష్యా, సాక్సనీ లాంటివి. మిగతావి చాలా చిన్నవి. ఒక కోట, ఒక ఊరు, చుట్టూ కొన్ని పల్లెలు, అంతే. దాన్ని ఏలే ఆయన్ని ఫ్యూర్స్ట్ అంటారు. దీన్ని మనం 'ప్రిన్స్' అంటే యువరాజు అనుకునే ప్రమాదం ఉంది. ఫ్యూర్స్ట్ అంటే రాజుగారి కొడుకు కాదు, స్వయంగా ఏలిక.

క్యోటెన్ పేరు మొదటిసారి 1115లో వినిపిస్తుంది. ఆ ఏడాది బాలెన్‌ష్టెట్ ప్రభువు ఒట్టో ఇక్కడ స్లావ్ సేనలను ఓడించాడు. ఆయన వంశాన్నే తర్వాత ఆస్కానియన్ వంశం అన్నారు. ఆ వంశం చేతిలో ఉన్న నేలే ఆన్హాల్ట్.

ఇప్పుడు అసలు చిక్కు. పెద్దకొడుకే అంతా తీసుకోవాలన్న నియమం అక్కడ చాలాకాలం లేదు. తండ్రి ఆస్తిని అన్నదమ్ములు పంచుకున్నట్టే దేశాన్ని పంచుకునేవాళ్లు. మనవైపు పొలం గట్లు ఎలా పెరిగాయో, అక్కడ సరిహద్దులు అలా పెరిగాయి. 1603లో ఆన్హాల్ట్‌ని అన్నదమ్ములు పంచుకున్నారు. డెసావ్, బెర్న్‌బుర్గ్, జెర్బ్‌స్ట్, క్యోటెన్ అని విడిపోయింది. వీటిలో జెర్బ్‌స్ట్ వంశం ఆడపిల్లే తర్వాత రష్యాని ఏలిన కాథరిన్ ది గ్రేట్. అంత చిన్న చోటు నుంచి అంత పెద్ద సింహాసనం దాకా!

క్యోటెన్ మాత్రం అందరిలోకీ చిన్నవాడైన లూడ్విగ్ వాటాకి వచ్చింది.

మొదటి అతిథి: బడి పంతులు

లూడ్విగ్ 1579లో పుట్టాడు. కుర్రతనంలో యూరప్ అంతా తిరిగాడు. ఇటలీలో చాలాకాలం ఉన్నాడు. ఫ్లోరెన్స్‌లో క్రుస్కా అకాడమీ అని ఒకటుండేది. క్రుస్కా అంటే తవుడు. పిండిలోంచి తవుడు జల్లించినట్టు ఇటాలియన్ భాషని జల్లించి శుభ్రం చేయాలన్నది వాళ్ల పని. 1600లో లూడ్విగ్ అందులో సభ్యుడయ్యాడు.

అప్పట్లో జర్మన్ భాష పరిస్థితి ఏమిటంటే, చదువంతా లాటిన్‌లో, దర్బారు మర్యాదలు ఫ్రెంచ్‌లో. జర్మన్ అంటే ఇంట్లో, సంతలో మాట్లాడుకునేది. ఈ మాట వింటుంటే మనకి ఎక్కడో తగులుతుంది కదా?

1617 జులైలో లూడ్విగ్ అక్కగారు వైమార్‌లో చనిపోయారు. అంత్యక్రియలకి చేరిన బంధువులు అక్కడే ఒక సంఘం పెట్టాలని నిర్ణయించారు. జర్మన్‌లో దాని పేరు ఫ్రుఖ్ట్‌బ్రింగెండె గెజెల్‌షాఫ్ట్. అంటే ఫలాలనిచ్చే సమాజం. జర్మన్ భాషని కాపాడటం, అందులో పుస్తకాలు రాయడం, ఇతర భాషల్లోని మంచి గ్రంథాలను జర్మన్‌లోకి తేవడం దాని పని. లూడ్విగ్ దానికి మొదటి పెద్ద. 1650లో చనిపోయేదాకా ఆయనే పెద్ద.

ఈ సంఘంలో ఒక చిత్రమైన పద్ధతి ఉండేది. చేరిన ప్రతి ఒక్కరికీ ఒక కొత్త పేరు, ఒక మొక్కో పండో గుర్తు, ఒక నినాదం ఇచ్చేవాళ్లు. లూడ్విగ్ పేరు 'పోషించేవాడు', ఆయన గుర్తు గోధుమ రొట్టె. తవుడు జల్లించే సంఘంలో చేరి వచ్చినాయన రొట్టె గుర్తు పెట్టుకోవడం బాగుంది. ఈ పేర్ల వెనక ఒక ఉద్దేశం ఉంది. సంఘం లోపల ఎవరు ప్రభువు, ఎవరు గుమస్తా అన్న తేడా కనపడకూడదు. అందరూ సంఘం పేరుతోనే పిలుచుకోవాలి. కవి మార్టిన్ ఓపిట్స్, స్వీడన్ ఛాన్సలర్ ఓక్సెన్‌షెర్నా కూడా ఇందులో సభ్యులు. సంఘం పెట్టిన మరుసటి ఏడాదే ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. ఊళ్లు తగలబడుతున్న కాలంలో, 1648 దాకా, ఈ సంఘం ఉత్తరాలు రాసుకుంటూ, వ్యాకరణం మీద వాదించుకుంటూ బతికింది.

ఈ ఉత్సాహంలోనే లూడ్విగ్ 1618లో వోల్ఫ్‌గాంగ్ రాట్కె అనే పంతుల్ని పిలిపించాడు. రాట్కె చెప్పేది ఆ రోజుల్లో కొత్త. పిల్లలకి మొదట మాతృభాషలో చదువు చెప్పాలి. లాటిన్ తర్వాత. బట్టీ పట్టించకూడదు. కొట్టి నేర్పకూడదు. తేలికది ముందు, కష్టమైంది తర్వాత. లూడ్విగ్ డబ్బిచ్చాడు, అచ్చు యంత్రం పెట్టించాడు. 1619లో బడి తెరిచారు. మగపిల్లలు, ఆడపిల్లలు కలిపి నాలుగు వందలకు పైగా చేరారు. ఆ రోజుల్లో అంత చిన్న ఊళ్లో అంతమంది ఆడపిల్లలు బడికి రావడం మామూలు విషయం కాదు.

మరి ఏమైంది? కొద్ది నెలల్లోనే చెడింది. రాట్కె లూథరన్, ఊరు కాల్వినిస్టు. మతం దగ్గర అనుమానాలు వచ్చాయి. ఊరివాళ్లతో పడలేదు. రాట్కె కూడా సర్దుకుపోయే మనిషి కాదు, తన పద్ధతిని రహస్యంలా దాచుకునేవాడు. చెప్పినంత ఫలితం చూపించలేదని ఏలికకి కోపం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన్ని పట్టి కోటలో బంధించారు. ఎనిమిది నెలలు. బయటికి వచ్చే ముందు తను చేయగలిగినదానికన్నా ఎక్కువ చెప్పానని రాసిచ్చి రావలసి వచ్చింది.

చూడండి, పిలిచింది ఆయనే, డబ్బిచ్చింది ఆయనే, జైల్లో వేసిందీ ఆయనే. మధ్యలో అడ్డుపడే కోర్టు లేదు, అప్పీలు లేదు. చిన్న దేశంలో ఉన్న సౌకర్యం ఏమిటంటే ఏలిక తలుపు దగ్గర. ఇబ్బంది కూడా అదే.

రెండో అతిథి: బాఖ్

లూడ్విగ్ కొడుకుతో ఆ శాఖ 1665లో ఆగిపోయింది. దగ్గరి బంధువుల శాఖకి క్యోటెన్ వచ్చింది. ఆ శాఖలో ఎమాన్యుయేల్ లెబ్రెఖ్ట్ అనే ఏలిక గీజెలా ఆగ్నెస్ అనే ఆమెని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. ఆమె చిన్న జమీందారీ ఇంటి పిల్ల. పైగా లూథరన్. ఏలికది కాల్వినిస్టు శాఖ. ఇప్పుడు మనకి రెండూ ప్రొటెస్టెంట్లే కదా అనిపిస్తుంది గాని, అప్పట్లో ఏలిక మతమే ప్రజల మతం. వేరే శాఖ వాళ్లకి ఊళ్లో గుడి కూడా ఉండేది కాదు. పెళ్లి తర్వాత లూథరన్లకి చర్చి కట్టుకునే వీలు దొరికింది. అదే సెయింట్ ఆగ్నుస్ చర్చి, ఇప్పటికీ ఉంది.

ఈ చర్చి గొడవ ఎందుకు చెబుతున్నానంటే, దీని మీదే తర్వాతి కథ నిలబడింది.

వాళ్ల కొడుకు లియోపోల్డ్, 1694లో పుట్టాడు. తండ్రి 1704లో పోతే, కొడుకు పెద్దయ్యేదాకా గీజెలా ఆగ్నెసే పాలన చూసింది. లియోపోల్డ్‌కి సంగీతం పిచ్చి. వయొలిన్, వియోలా ద గాంబా, హార్ప్సికార్డ్ వాయించేవాడు, పాడేవాడు. ఇటలీ, ఇంగ్లండ్ తిరిగి వచ్చాడు. ఆ సమయంలోనే, 1713లో, బెర్లిన్‌లో కొత్త ప్రష్యా రాజు ఫ్రెడరిక్ విలియం సింహాసనం ఎక్కాడు. ఆయనకి సైన్యం తప్ప ఏదీ పట్టదు. ఎక్కగానే ఆస్థాన సంగీత మేళాన్ని ఇంటికి పంపేశాడు. ఉద్యోగాలు పోయిన ఆ మంచి విద్వాంసుల్లో కొందరు క్యోటెన్ చేరారు. పెద్ద దేశంలో లేఆఫ్ అయితే చిన్న ఊరికి లాభించింది.

1717లో లియోపోల్డ్ యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌ని ఆస్థాన సంగీతానికి పెద్దగా పిలిచాడు. జీతం ఏడాదికి 400 థాలర్లు. బాఖ్ అప్పుడు వైమార్‌లో ఉన్నాడు. రాజీనామా చేస్తానంటే వైమార్ డ్యూక్ ఒప్పుకోలేదు. బాఖ్ పట్టుబట్టాడు. దాంతో డ్యూక్ ఆయన్ని నవంబరు 6 నుంచి డిసెంబరు 2 దాకా జైల్లో పెట్టాడు. నోటీస్ పీరియడ్ సర్వ్ చేయడమంటే అలా ఉండేది! చివరికి వదిలేస్తే క్యోటెన్ వచ్చాడు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. ఆస్థానం కాల్వినిస్టు. వాళ్ల ప్రార్థనలో పెద్ద సంగీతం ఉండకూడదు. కీర్తనలు మామూలుగా పాడుకోవడమే. కాబట్టి బాఖ్‌కి చర్చి కోసం రాసే పని తగ్గింది. మిగిలింది ఏమిటి? ఏలిక గదిలో వాయించే వాద్య సంగీతం. ఇవాళ ప్రపంచమంతా వినే బాఖ్ వాద్య సంగీతంలో చాలా భాగం ఈ కాలానిదే. వయొలిన్ ఒక్కదానికే రాసిన ఆరు రచనల చక్కటి ప్రతి మీద 1720 అని ఉంది. బ్రాండెన్‌బుర్గ్ కన్చెర్టోలను 1721 మార్చిలో అంకితం చేశాడు. వెల్-టెంపర్డ్ క్లావియర్ మొదటి భాగం 1722ది. ఒక మత నియమం ఒక తలుపు మూస్తే, ఆ నీళ్లు ఇంకో కాలవలో పారాయి.

మరి ఇంట్లో? బాఖ్ కుటుంబం లూథరన్. వాళ్లు వెళ్లింది గీజెలా ఆగ్నెస్ చర్చికే. 1718లో పుట్టిన కొడుక్కి లియోపోల్డ్ ఆగస్ట్ అని ఏలిక పేరు పెట్టుకున్నారు. లియోపోల్డే ఆ పిల్లాడికి జ్ఞానపిత. ఏడాది తిరక్కుండానే పిల్లాడు పోయాడు. 1720 వేసవిలో బాఖ్ ఏలికతో పాటు కార్ల్స్‌బాడ్ నీటి స్నానాల ఊరికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి భార్య మరియా బార్బరా లేదు. జులై 7న ఖననం కూడా అయిపోయింది. ఉత్తరం చేరే వీలు కూడా లేని రోజులు. ఇంటి నుంచి దూరంగా ఉండేవాళ్లకి ఈ ముక్క ఎక్కువ వివరించక్కర్లేదు.

మరుసటి ఏడాది, 1721 డిసెంబరు 3న, ఆస్థాన గాయని ఆన్నా మాగ్డలేనాని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి 20, ఆయనకి 36. వారం తిరగ్గానే లియోపోల్డ్ పెళ్లి కూడా అయింది. పెళ్లికూతురు బెర్న్‌బుర్గ్ శాఖ ఆడపిల్ల. ఆమెకి సంగీతం పట్టదనీ, ఆమె వచ్చాక ఏలికకి ఆసక్తి చల్లబడిందనీ బాఖ్ తర్వాత ఒక స్నేహితుడికి రాశాడు. అసలు ఈ ఏలిక దగ్గరే జీవితం గడిపేద్దాం అనుకున్నానని కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. కొడుకులు చదువు మీద మొగ్గు చూపుతున్నారన్న మాట కూడా ఉంది. లైప్‌జిగ్‌లో యూనివర్సిటీ ఉంది. 1723 మే నెలలో కుటుంబం అక్కడికి మారిపోయింది. చిత్రం ఏమిటంటే, సంగీతం పట్టని ఆ రాణి అప్పటికే, ఏప్రిల్‌లో, చనిపోయింది. కానీ బండి కదిలింది. పిల్లల చదువు కోసం ఊరు మారడం ఇవాళ్టి మాట కాదన్నమాట.

లియోపోల్డ్ 1728లో, 34వ యేట పోయాడు. మరుసటి ఏడాది మార్చిలో బాఖ్ క్యోటెన్ వచ్చి అంత్యక్రియల సంగీతం నడిపించాడు. ఉద్యోగం పోయినా ఆ బంధం పోలేదు.

ఏలికల వేషాలు

మధ్యలో కొంచెం దూకుదాం. 1806లో నెపోలియన్ దెబ్బకి పాత సామ్రాజ్యం కూలిపోయింది. అప్పటి ఏలిక ఆగస్ట్ క్రిస్టియన్ ఫ్రెడరిక్‌కి నెపోలియన్ అంటే వెర్రి అభిమానం. ఏలికలకి డ్యూక్ హోదా వచ్చింది. ఇక ఈయన తన గుప్పెడు దేశంలో 1811లో ఫ్రెంచి చట్టం తెచ్చాడు. ఫ్రాన్స్‌లో ఉన్నట్టే డిపార్ట్‌మెంట్లుగా విడగొట్టాడు. ఎన్నిగా? రెండుగా. ఈయన 1812లో చనిపోగానే ఆ సరంజామా అంతా ఎత్తేశారు. చట్టం వచ్చిందీ ఒకరి మోజు మీదే, పోయిందీ ఆ ఒకరితోనే.

తర్వాత 1818లో ఫెర్డినాండ్ వచ్చాడు. పక్కన ప్రష్యా. పక్కన కూడా కాదు, చుట్టూ ప్రష్యా. ఆ ఏడాదే ప్రష్యా తన సరిహద్దు చుట్టూ ఒకే సుంకం పెట్టింది. క్యోటెన్ ఆ గీత లోపల ఇరుక్కుపోయింది. ఫెర్డినాండ్ నేను స్వతంత్రుణ్ణి, మీ సుంకంలో చేరనన్నాడు. ఎల్బె నది మీద సరుకు క్యోటెన్ పేరుతో దిగేది. అంత చిన్న ఊరికి అంత కాఫీ, అంత చక్కెర ఎందుకో ఎవరైనా ఊహించగలరు. రాత్రిళ్లు గట్టు దాటి ప్రష్యాలోకి పోయేది. ఏళ్ల తరబడి గొడవ నడిచి, 1828లో క్యోటెన్ లొంగి ఆ సుంకంలో చేరింది.

1825లో డ్యూక్, ఆయన భార్య యూలియె పారిస్‌లో కాథలిక్ మతం పుచ్చుకున్నారు. ప్రొటెస్టెంట్ ఊళ్లో అది పెద్ద అలజడి. అదే ఏడాది జాలె నది మీద నీన్‌బుర్గ్ దగ్గర కొత్త గొలుసు వంతెన కట్టించారు. ఆస్థాన శిల్పి బాండ్‌హౌవర్ కట్టాడు. డిసెంబరు 6న డ్యూక్ గౌరవార్థం జనం కాగడాలు పట్టుకుని పాటలు పాడుతూ వంతెన మీద గుమిగూడారు. బరువు ఒకవైపు పడి వంతెన తెగిపోయింది. ఆ చలికాలపు నదిలో యాభై మందికి పైగా చనిపోయారు. ఏలికలకి జేజేలు కొట్టడానికి వచ్చిన మామూలు జనం వాళ్లు. బాఖ్ పేరు పక్కన ఈ సంగతి కూడా చెప్పుకోకపోతే కథ సగమే చెప్పినట్టు.

ఇంకొకటి. డ్యూక్ 1828లో రష్యా జార్ దగ్గర నల్లసముద్రం పైన గడ్డి మైదానాల్లో భూమి తీసుకుని గొర్రెల పెంపకానికి మనుషుల్ని పంపాడు. తన వంశం పేరు మీద దానికి ఆస్కానియా నోవా అని పేరు పెట్టారు. లాభం రాలేదు. 1856లో అమ్మేశారు. ఆ పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడది ఉక్రెయిన్‌లో పేరున్న ప్రకృతి అభయారణ్యం. 2022 నుంచి యుద్ధం వార్తల్లో ఆ పేరు వినిపిస్తే, అది ఈ చిన్న ఊరి నుంచి వెళ్లిన పేరని గుర్తుపెట్టుకోండి.

మూడో అతిథి: హానిమాన్

ఇప్పుడు మనకి బాగా తెలిసిన పేరు. మన ఇళ్లల్లో చిన్న గాజు సీసాలో తెల్లటి తీపి గుళికలు లేని ఇల్లు తక్కువ. హోమియోపతి పుట్టించిన సామ్యుయెల్ హానిమాన్ 1821 నుంచి 1835 దాకా ఉన్నది క్యోటెన్‌లోనే.

ఎలా వచ్చాడు? ఆయన లైప్‌జిగ్‌లో వైద్యం చేసేవాడు. తన మందు తానే తయారుచేసి ఇచ్చేవాడు. అక్కడి మందుల దుకాణాల వాళ్లు కోర్టుకెళ్లారు. మందు తయారుచేసి అమ్మే హక్కు మాది, వైద్యుడిది కాదు అన్నారు. తీర్పు వాళ్లవైపే వచ్చింది. తన మందు తను ఇవ్వలేకపోతే ఆయన వైద్యమే లేదు. వయసు 66. అప్పుడు డ్యూక్ ఫెర్డినాండ్ ఒక కాగితం ఇచ్చాడు. క్యోటెన్‌లో ఉండొచ్చు, వైద్యం చేయొచ్చు, మందు నీ చేత్తో నువ్వే ఇవ్వొచ్చు అని. చూశారా, వీసా మళ్లీ వచ్చింది. నివాస అనుమతి, పని అనుమతి, రెండూ ఒకే కాగితం మీద, ఒక్క మనిషి సంతకంతో.

ఊళ్లో అందరికీ ఇది నచ్చలేదు. స్థానిక వైద్యులు గుర్రుగా ఉన్నారు. హానిమాన్ ఎక్కువగా ఇంటిపట్టునే ఉండేవాడు. కానీ రోగులు దూరదూరాల నుంచి వచ్చేవాళ్లు. 'దీర్ఘ వ్యాధులు' అన్న ఆయన పుస్తకం 1828లో ఇక్కడున్నప్పుడే వచ్చింది. 1830లో ఆయన భార్య హెన్రియెట్ పోయింది. డ్యూక్ కూడా ఆ ఏడాదే పోయాడు. తమ్ముడు హైన్రిఖ్ గద్దెనెక్కాడు. అనుమతి కొనసాగింది, అది హానిమాన్ అదృష్టం. 1834లో పారిస్ నుంచి మెలనీ అనే చిత్రకారిణి వైద్యం కోసం వచ్చింది. 1835 జనవరిలో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆయనకి 79, ఆమెకి 34. జూన్‌లో పారిస్ వెళ్లిపోయారు. 1843లో అక్కడే ఆయన కన్నుమూశాడు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. హోమియో మందు ఉత్తుత్తి మందు కన్నా ఎక్కువగా పనిచేస్తుందనడానికి నమ్మదగిన రుజువు లేదని ఇప్పటి శాస్త్రీయ సమీక్షలు చెబుతున్నాయి. తీవ్రమైన జబ్బుకి దాని మీద ఆధారపడకూడదు. మరి అప్పట్లో జనం ఎందుకు ఎగబడ్డారు? ఆ రోజుల్లో మామూలు వైద్యమంటే రక్తం తీయడం, జలగలు పెట్టడం, పాదరసం తాగించడం. ఏమీ చేయని మందు ఆ చేటు చేసే మందు కన్నా నయం. పైగా ఆయన రోగి చెప్పేది గంటల తరబడి వినేవాడు, రాసుకునేవాడు. ఆ రెండోది మాత్రం ఏ వైద్యానికైనా ఇప్పటికీ కావలసిందే.

మన రాష్ట్రాల్లో ఈ వైద్యం ఎంత వేళ్లూనుకుందో మీకు తెలుసు. గుడివాడలో, రామంతపూర్‌లో ప్రభుత్వ హోమియో కళాశాలలున్నాయి. రాజమండ్రి కళాశాలకైతే మన హాస్యనటుడు అల్లు రామలింగయ్యగారి పేరే ఉంది. ఆయన స్వయంగా హోమియో వైద్యులు. ఏప్రిల్ 10న మనవాళ్లు దండ వేసే ఆ ఫొటోలోని పెద్దాయన ఈ ఊళ్లో పద్నాలుగేళ్లు ఉన్నాడు. వాల్‌ష్ట్రాసెలో ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది.

ఆఖరి ఏలిక, ఆ తర్వాత

హైన్రిఖ్ కాలంలో రైలు వచ్చింది. 1840లో మాగ్డెబుర్గ్-లైప్‌జిగ్ దారి, మరుసటి ఏడాది బెర్లిన్ దారి క్యోటెన్‌లో కలిశాయి. జర్మనీలో మొదటి రైల్వే జంక్షన్లలో ఇదొకటి. అదే సమయంలో ఖజానా అప్పుల్లో మునిగిపోయింది. 1847లో హైన్రిఖ్ పిల్లలు లేకుండా పోయాడు. 1853లో క్యోటెన్ డెసావ్‌లో కలిసిపోయింది. 1863లో ఆన్హాల్ట్ అంతా మళ్లీ ఒకటైంది. 1603లో పంచుకున్నది 260 ఏళ్లకి అతుక్కుంది. 1918లో ఏలికల పాలనే ముగిసింది.

ఇప్పుడు నాకు ముఖ్యమనిపించిన సంగతి చెప్పి ముగిస్తా. చిన్న సంస్థానాల గురించి రెండు రకాల మాటలు వింటాం. ఒకటి, ఆహా, ఆ ఏలికలు కళల్ని ఎంత పోషించారో అని. రెండోది, ప్రజల సొమ్ముతో వేషాలు అని. క్యోటెన్‌లో రెండూ నిజమే, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. బాఖ్‌కి జీతమిచ్చిన అధికారమే రాట్కెని జైల్లో పెట్టగలిగింది. హానిమాన్‌కి ఒక్క రోజులో అనుమతి ఇవ్వగల సంతకమే, ఊరి డబ్బుని ఎక్కడో గొర్రెల మీద పెట్టగలిగింది. ఆ మనిషి మంచివాడైతే మన అదృష్టం, కాకపోతే మన ఖర్మ. అడిగే దారి లేదు.

మనం విదేశీయుల కార్యాలయం ముందు వరసలో నిలబడి విసుక్కుంటాం. ఆ ఫారం, ఈ ఫారం, మళ్లీ అపాయింట్‌మెంట్. విసుగు సహజమే. కానీ ఆ కౌంటర్ వెనక ఉన్నాయన మోజు మీద కాకుండా చట్టం మీద మన కాగితం నడుస్తోంది. కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి. దాని మీద కోర్టుకి వెళ్లొచ్చు. దయకీ హక్కుకీ తేడా అదే. రాట్కెకి ఆ కౌంటర్ కూడా లేదు. ఉన్నదాన్ని మెరుగుపరచమని అడగడం మన పని, అది ఉండటం ఎంత కొత్త సంగతో తెలిసి అడిగితే ఇంకా గట్టిగా అడగగలం.

వెళ్లి చూడాలనుకునేవాళ్లకి: హాలె నుంచి గానీ మాగ్డెబుర్గ్ నుంచి గానీ ప్రాంతీయ రైల్లో తేలిగ్గా వెళ్లొచ్చు, డాయ్‌చ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది. స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకి నడకే. కోటలో బాఖ్ స్మారకం ఉంది. అక్కడే పక్షిశాస్త్రవేత్త నౌమాన్ సేకరణ ఉంది. 1821లో డ్యూక్ కొన్నది అది. హానిమాన్‌కి చోటిచ్చిన ఏడాదే. పిల్లలకి పక్షులు నచ్చుతాయి. సెయింట్ ఆగ్నుస్ చర్చికి తప్పకుండా వెళ్లండి. రెండేళ్లకోసారి బాఖ్ సంగీతోత్సవం కూడా జరుగుతుంది. లూడ్విగ్ పెట్టిన భాషా సంఘం ఎప్పుడో ఆగిపోయినా, 2007లో అదే పేరుతో కొత్త సంఘం క్యోటెన్‌లో మొదలైంది.

అక్కడ చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఎవరైనా మళ్లీ "ఇంత చిన్న ఊళ్లో ఏముందిరా?" అంటే ఈ ఎపిసోడ్ పంపండి. మీరు చూసినవి, నేను చెప్పనివి ఏవైనా ఉంటే రాయండి, వచ్చేసారి చదువుతా. ఇక సెలవు. నమస్కారం.